తవుడు సంచుల్లో వెల్లుల్లి

మొన్న మా అల్లుడితో కంకిపాడులో చేపల మేత కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన ఒక డబ్బా తీసి, "మూలికల మందండీ, ఇది మేతలో కలిపితే ఎన్ని చేపపిల్లలు వదిలినా ఢోకా లేదండీ" అన్నాడు. అల్లుడు తలూపాడు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అచ్చం ఇదే మాట ఒకప్పుడు మా బాబాయి అనగా విన్నదాన్ని.

మా నాన్నకూ బాబాయికీ కలిపి ఒకటే చేపల చెరువు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తవుడూ వేరుశనగ చెక్కా చిల్లుల సంచుల్లో నింపి చెరువులో పాతిన వెదుళ్ళకు కడితే, చేపలు ఆ చిల్లుల దగ్గర మూతిపెట్టి లాక్కుని తినేవి. ఆ తవుడులోకి వెల్లుల్లీ, పసుపూ, వేపాకూ రోట్లో నూరి కలిపే పని అమ్మది. ఎంత కడుక్కున్నా ఆమె చేతుల వాసన పోయేది కాదు, ఆ చేతులతోనే అన్నం కలిపి పెడుతుంటే మేం ముక్కులు మూసుకుని వెక్కిరించేవాళ్ళం. ఒక ఏడాది చుట్టుపక్కల చెరువుల్లో చేపలకు పుళ్ళు పడినా మా చెరువు జోలికి ఆ తెగులు రాలేదు. అదే బాబాయికి నెత్తికెక్కింది. మరుసటి ఏడు నాన్న కూచిపూడిలో పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి, ఎన్ని వదిలినా ఢోకా లేదంటూ బాబాయి ఉన్న చేపపిల్లలకు తోడు మరో అన్ని తెచ్చి వదిలేశాడు. వెల్లుల్లి తెగులును ఆపుతుందేమో గానీ, ఇరుకులో ఊపిరాడని చేపకు గాలి ఎక్కడినుంచి తెస్తుంది?

ముసురు పట్టిన ఒక ఉదయం చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నాన్న ఇంజను వేసి నీళ్ళు చిమ్మించాడు, మేమంతా దిగి చేతులతో నీళ్ళు కొట్టాం. పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. ఊరంతా గట్టు మీద చూస్తుండగా బాబాయి అమ్మ వైపు తిరిగి, "మందు సరిగ్గా కలిపుంటే ఇట్టా అయ్యేదా వదినా?" అన్నాడు. చెరువు ఎందుకు పోయిందో నాన్నకు తెలుసు. అయినా ఆయన నోరు విప్పలేదు, తమ్ముడి పరువు కాపాడాననుకున్నాడు కాబోలు. ఆ మౌనాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు.

అమ్మ మళ్ళీ చెరువు మేత ముట్టలేదు. మంచాన పడ్డాక కూడా ఒకరోజు నన్ను దగ్గరకు పిలిచి, "ఆ యేడు వెల్లుల్లి తక్కువేశానంటావా అమ్మాయ్?" అని అడిగింది. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఇప్పుడు నూరేవాళ్ళు లేరు, అన్నీ డబ్బాల్లోనే వస్తున్నాయి. చేపలు పోతే కొట్టువాణ్ణి తిడతారు, కంపెనీని తిడతారు, చెరువును కిక్కిరిసేలా నింపినవాడు మాత్రం అప్పటిలాగే గట్టు మీద దర్జాగా నిలబడతాడు. ఇంట్లో ఆడమనిషిని ఎవరూ ఏమీ అనరు, అదొక్కటే నయం. ఆ నయం మా అమ్మ దాకా రాలేదు.