చెంప పక్కన రెండు వేళ్లు

అల్ ఖోబర్‌లో మా పక్కనున్న సౌదీ వాళ్లింట్లో పనిచేసే కడప అమ్మాయికి ఫోటో అంటే చాలు, రెండు వేళ్లు చెంప పక్కకు వచ్చేసేవి. ఆ ఇంటి పిల్లలతో కూర్చుని జపాన్ కార్టూన్లు చూసీ చూసీ అబ్బిన అలవాటు.

జపాన్ బొమ్మల దుకాణాల వీధికి నాతో పంపమని ఒక శుక్రవారం వాళ్ల మేడంను బతిమాలాను. ఎక్కడికి వెళ్తే అక్కడి నుంచి ఫోటో పంపాలన్న షరతు మీద ఆవిడ ఒప్పుకుంది. ఆవిడను ఈ పిల్ల ‘మామా’ అనేది, ఇక్కడి పనివాళ్లందరిలాగే.

నీలం విగ్గు పెట్టుకుని ఒకటి, తనంత ఎత్తు బొమ్మను కావలించుకుని ఇంకొకటి, వేళ్లెత్తి పంపింది. పంపగానే ‘తర్వాత ఎక్కడికి?’ అని జవాబు వచ్చేది. ఉన్నట్టుండి జవాబులు ఆగిపోయాయి.

“పోనీలే, ఇవాళ నిన్ను హాయిగా వదిలేసింది” అన్నాను.

“అట్ల కాదక్కా. మామా అరిస్తే భయం లేదు. నాకంటే ముందు పనిజేసిన పిల్లను ఊరికి పంపించేసిన రోజు గూడా ఇట్లనే గమ్మునుండ్య.”

చేతిలోని బొమ్మను తిరిగి అరలో పెట్టేసింది.

అంతలో వాళ్ల డ్రైవరు వచ్చాడు. మామా రమ్మందని తననొక్కదాన్నే కారెక్కించుకున్నాడు.

కాసేపటికి నా ఫోనుకు ఫోటో వచ్చింది. కారు వెనక సీట్లో తను, చెంప పక్కన అవే రెండు వేళ్లు. ముఖంలో నవ్వు లేదు. పక్క అద్దంలోంచి రోడ్డు బోర్డు మీద విమానం గుర్తు కనిపిస్తోంది.

మా ఇళ్లకు వెళ్లే దారిలో విమానాశ్రయం రాదు.