పాప గౌను రెడీ అయిందమ్మా

అందరూ ఆమెను పెద్దక్క అంటారు, వయసులో ఆమెకంటే పెద్దవాళ్లతో సహా. మోకాళ్లు మొరాయించేదాకా బస్సు కండక్టరుగా చేసింది. చిన్న సంచీతో ఎక్కి, ఎక్కడికని అడిగితే చివరిదాకా అనే ఆడవాళ్లను ఆ రోజుల్లోనే పోల్చుకునేది. వాళ్లను దించేసి ఖాళీ బస్సుతో వెనక్కి రావడం ఆమెకు ఏనాడూ మింగుడుపడలేదు. ఉద్యోగం మానేశాక, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు అండగా నిలిచే ఒక చిన్న సంస్థలో చేరింది. దర్జీ దుకాణం పైన రెండు గదులు, అదే ఆఫీసు.

సంస్థకు స్మార్ట్‌ఫోన్లు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది పెద్దక్కే. రాయడం రానివాళ్లు కూడా గొంతు రికార్డు చేసి పంపుతున్నారు. దెబ్బల ఫొటోలు క్షణాల్లో వకీలుకు చేరుతున్నాయి. చిక్కల్లా ఒక్కటే, వకీలు రమ్మన్న రోజును సగంమంది మర్చిపోయేవాళ్లు. ముందురోజు గుర్తుచేసే మెసేజ్ అందరికీ దానంతటదే వెళ్లే ఏర్పాటు చేయమని మేనేజరు వెంటపడిందీ పెద్దక్కే. మేనేజరు పెద్దక్కకు కూతురి వయసు పిల్ల, ఫోన్ల పని బాగా తెలిసింది. అడిగిందే తడవుగా చేసిపెట్టింది.

ఆ మెసేజ్‌లు మొదలైన వారంలోనే, ఒక మధ్యాహ్నం పెద్దక్క ఫోను మోగింది. లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమె నంబరు. "రేపు మీ అపాయింట్‌మెంట్ ఉంది, తప్పక రండి" అని వెళ్లిన మెసేజ్ కింద జవాబు కనబడింది: "ఎక్కడికి రావాలి?"

ఇస్త్రీ ఆమె ఎన్నడూ ఒక్క అక్షరం టైపు చేసింది లేదు, ఏదైనా గొంతుతోనే చెప్పేది. ఫోను ఇప్పుడు మొగుడి చేతిలో ఉంది. వ్యాను నడిపే ఆ మనిషి పోయినసారి ఆమె చెయ్యి విరగ్గొట్టాడు.

పెద్దక్క చూపించగానే మేనేజరు ఆ ఫోను అందుకుంది. మెసేజ్‌లో పేరు పక్కన సంస్థ గుర్తుగా పెట్టుకున్న రెండు చేతుల బొమ్మ తీసేసి, కింద దుకాణంలోని కుట్టుమిషను ఫొటో పెట్టింది. అది మార్చేలోపు అతను మొదటి బొమ్మ చూశాడో లేదో తెలియదు. కుట్టు దుకాణమండీ, కొలతల కోసం రమ్మన్నాం అని జవాబు రాసి, దుకాణం చిరునామా కూడా పంపింది. "మెట్ల దగ్గర బోర్డు కూడా పెట్టని వాళ్లం పెద్దక్కా," అంది, "ఫోనులో మాత్రం బోర్డు తగిలించుకుని కూర్చున్నాం."

కానీ ఈ కుట్టు సంగతి ఆ ఇల్లాలికి తెలియదు. అతను అడిగితే తడబడుతుంది. పెద్దక్క కుర్చీ మీది దుప్పటి చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. ఏం ముంచుకొచ్చిందని దర్జీ అడుగుతున్నా ఆగలేదు.

లాండ్రీ ముందు వ్యాను ఆగి ఉంది. లోపల అతను బల్లకు ఆనుకుని, ఫోను భార్య మొహం ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది. కింద చొక్కా కమురు వాసన వేస్తోంది.

పెద్దక్క దుప్పటి బల్ల మీద పడేసింది. "ఇది కాస్త ఇస్త్రీ చేసిపెట్టమ్మా. అన్నట్టు, మా దుకాణం నుంచి మెసేజ్ పెట్టాం, చూశావా? రేపు ఒకసారి కొలత సరిచూసుకుంటే పాప గౌను రెడీ అయినట్టే."

ఇస్త్రీ ఆమె కళ్లెత్తి చూసింది.

"ఏ గౌను?" అన్నాడతను, భార్యనే చూస్తూ.

"స్కూలుది," అందామె. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నీలం గౌను. పాతది పొట్టిదైపోయిందని నీకు చెప్పాగా."

"రేపు పాపను నేనే తీసుకొస్తా," అన్నాడు పెద్దక్కతో, ఫోను జేబులో వేసుకుంటూ.

పెద్దక్క తిరిగొచ్చి చెప్పింది విని దర్జీ కారణం అడగలేదు. పైకెళ్లే ఆడవాళ్ల మొహాలు ఏళ్ల తరబడి చూస్తున్నవాడే. చేతిలో పని పక్కన పెట్టి నీలం గుడ్డ కత్తిరించాడు. మర్నాడు అతను పాపతో వచ్చాడు. దర్జీ కొలత చూసి, అంచు మడిచి కుట్టి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ అతను మెట్ల దగ్గర ఆగి, పైన ఏముందని అడిగాడు. గుడ్డల గోడౌనని చెప్పాడు దర్జీ, సూది మీంచి కళ్లెత్తకుండా. పై గదిలో పెద్దక్క, మేనేజరు కదలకుండా నిలబడ్డారు, వ్యాను కదిలిన చప్పుడు వినబడేదాకా.

వాటంతటవే వెళ్లే మెసేజ్‌లు ఆ రోజే ఆగిపోయాయి. ఫోన్లను మాత్రం వదులుకోలేదు. కొత్తగా ఎవరొచ్చినా, వాళ్ల కష్టం వినేముందే పెద్దక్క అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఫోను ఇంకెవరి చేతికి వెళ్తుందమ్మా?" సంస్థ నంబరును తమ ఫోనులో ఏ పేరుతో దాచుకోవాలో వాళ్లే చెబుతారు. ఒకరికి అది కూరగాయల కొట్టు, ఇంకొకరికి పళ్ల డాక్టరు. ముందు వాళ్లు పలకరించాలి, ఆ తర్వాతే ఇటునుంచి జవాబు వెళ్తుంది. ఇదంతా మరీ చాదస్తమని ఒకసారి విరాళమిచ్చే పెద్దమనిషి విసుక్కుంటే, మేనేజరే ఓపిగ్గా కూర్చోబెట్టి వివరించింది.

కొన్నాళ్లకు అతను వ్యానులో సరుకు వేసుకుని దూరం వెళ్లినప్పుడు ఇస్త్రీ ఆమె పాపను తీసుకుని వెళ్లిపోయింది. వేరే ఊళ్లో ఏదో హోటల్లో పని దొరికిందని వకీలు చెప్పింది. ఆమె నంబరు మార్చేసింది. కొత్తది పెద్దక్క దగ్గర లేదు. అడగనూ లేదు.