అందమైన కాళ్ళ కరపత్రం

రెండేళ్ళుగా మానని పుండుకు చేయవలసిన వైద్యాన్ని అందం కోసం చేసే వైద్యమని రాసి ఇన్సూరెన్సు కంపెనీ తోసేసింది. రాసింది ఒక్కటే వాక్యం. కింద సంతకం పెట్టిన మనిషి ఆ కాలు చూడలేదు, చూడాలని అడగనూ లేదు.

ఆ కాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం సేల్స్‌మన్‌ది. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. పద్దెనిమిదేళ్ళు పొద్దుగూకులూ నిలబడి చీరలు విప్పి చూపించాడు. కాళ్ళ నరాలు ఉబ్బి తాళ్ళలా మెలితిరిగాయి. ఎడమ చీలమండ పైన చర్మం నల్లబడి పగిలి, పుండు పడింది. యజమాని పనివాళ్ళందరికీ ఇన్సూరెన్సు చేయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేలోగా నిలబడగలిగితేనే రమ్మన్నాడు. లేకపోతే ఆ చోట ఇంకొకడు ఉంటాడు. అందుకు ఇంకా నెలన్నర కూడా లేదు.

అతను చూపించుకునే నరాల జబ్బు క్లినిక్‌లో నేను అప్పుడు పనిచేసేవాణ్ణి. బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, ప్రచారం, మూడూ నా నెత్తినే. బడిలో చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు మాత్రం గ్రంథాలయంలో నిఘంటువు ముందేసుకుని నేర్చుకున్నాను. కనుక ఆ పాలసీ పుస్తకాన్ని మూడు రోజులు చదివాను. పుండు వైద్యానికి డబ్బు ఇవ్వబోమని అందులో ఎక్కడా లేదు. ఇంత అన్యాయమా అని కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు. మన్సూరాబాద్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా మీదుగా క్లినిక్‌కు నడిచి వచ్చేవాణ్ణి. సమ్మె నాది కూడా. నేనూ గొంతు పోయేలా అరిచినవాణ్ణే. అయినా చౌరస్తాలో జనం గుమిగూడితే చాలు, ఇవ్వాళ కంపెనీ ఆఫీసు తెరుస్తారా లేదా అని దిగులుపడేవాణ్ణి.

అందం వైద్యమని ఎందుకు రాశారో అడుగుదామని కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"సర్, మీ హాస్పిటల్ కాగితమే ఉంది కదా ఫైల్లో."

"ఏం కాగితమమ్మా?"

"కలర్‌ది సర్. చదవమంటారా? 'మీ కాళ్ళకు మళ్ళీ అందం. కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి నడవడానికి సిగ్గెందుకు?' "

ఆ రెండు వాక్యాలూ రాసింది నేనే. రాసిన రోజు నాలుగుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను కూడా. బయటికి పోయే ప్రతి కవరులోనూ ఒక కరపత్రం పెట్టాలని డాక్టరుగారి నియమం. చెయ్యి అలవాటు పడిపోయింది. సేల్స్‌మన్ క్లెయిము కాగితాల మీద కూడా దాన్ని మడిచి పెట్టి కవరు అంటించాను.

డాక్టరుగారిది గుంటూరు వైపు. విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరే పెట్టారాండీ?"

"మీరే గద సార్, ప్రతి కవర్ల పెట్టుమన్నరు."

"పేషెంట్ల కవర్లలో అండీ. డబ్బులివ్వాల్సినవాళ్ళ కవర్లోనా?"



సేల్స్‌మన్ రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చేవాడు. రెండుసార్లు వచ్చి పోయినా చెప్పలేకపోయాను. మూడోసారి అతనే ప్యాంటు మడిచి, కట్టు విప్పిన కాలు నా ముందు చాపాడు.

"కాకా, గీ కాలు జూసి అందమన్నడా వాడు? వాని పెండ్లాన్ని తోలుమను, దీనికి మ్యాచింగ్ చీర సూపిస్త."

అప్పుడు చెప్పాను, కరపత్రం నేనే రాశానని, నేనే పంపానని. అతను చాపిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మంచిగనే రాసినవ్ కాకా. గిరాకి రావాలె గద. ముతక చీరను నేను గూడ మెత్తగుంటదనే అమ్ముత." తర్వాత గొంతు తగ్గించాడు. "గని నా కొలువు పోతది. జర చూడు."

ఆ 'జర చూడు' నన్ను నిద్రపోనివ్వలేదు.

కంపెనీకి మళ్ళీ అర్జీ పెట్టడానికి ఫొటోలు తీశాం. తేదీకి రుజువుగా కాలి పక్కన ఆ రోజు పేపరు పెట్టడం మా క్లినిక్ పద్ధతి. పేపరు నిండా సమ్మె వార్తలే. డాక్టరుగారు కంగారుపడ్డారు.

"ఆ హెడ్డింగ్ కనబడనివ్వకండి. అవతలివాడు ఎవడో, ఏమనుకుంటాడో."

"తేదీ కనవడాలె గద సార్," అన్నాడు సేల్స్‌మన్. "నా పుండుకు ఆంధ్రా తెలంగాణ లేదు. ఇద్దరినీ సతాయిస్తది."

డాక్టరుగారు నవ్వలేక నవ్వారు. పేపరును తేదీ ఒక్కటే కనబడేలా మడిచి, తానే నేల మీద కూర్చుని కాలి పక్కన సర్దారు.

ఉత్తరం నాలుగు పేజీలు రాశాను. మూడు పేజీల తిట్లు డాక్టరుగారు కొట్టేశారు. ఒక్క మాట మాత్రం నేను కొట్టనివ్వలేదు: 'ఆ కరపత్రం రాసినవాణ్ణి నేను. అందులోని మాటలు ఈ రోగి గురించి కావు.' కవరు అంటించే ముందు మూడుసార్లు లోపల చెయ్యి పెట్టి తడిమాను. షేరింగ్ ఆటోలో కోఠి దాకా పోయి, కంపెనీ ఆఫీసులో నా చేత్తో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.

తర్వాత ఎదురుచూపే. ఫ్యాక్స్ మిషన్ గుర్రుమన్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. వచ్చేవన్నీ మందుల కంపెనీల ప్రకటనలు. వాటిని తిట్టుకుంటూ చింపేటప్పుడు నా కరపత్రమే గుర్తొచ్చేది. పెళ్ళిళ్ళ సీజనుకు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా, సేల్స్‌మన్ కట్టు మార్పించుకుంటూ ఉండగానే, జవాబు వచ్చింది. తప్పయిందన్న మాట కోసం దాన్ని ముందు వెనకలు తిప్పి చూశాను, లేదు. అతనికి పైకి చదివి వినిపించాను:

"మీ విజ్ఞప్తి, ఫొటోలు పరిశీలించాము. ఎడమ కాలి పుండు చికిత్సకు అనుమతి ఇస్తున్నాము. ఇకమీదట మాకు పంపే కవర్లలో కరపత్రాలు పెట్టవద్దని మనవి."