కిటికీ ముందు కట్టిన ఆకు

మా వీధి చివరింటి సెగుందో గువాచమీన్‌ను పోయిన వానల్లో మట్టిలో పెట్టి వచ్చాం. వయసులో ఉన్నప్పుడు కొండమీద చెట్లు కోసేవాడు. రంపం పని ఆగిపోయాక, ఫొటోలు తీసుకోవడానికి వచ్చే అతిథులకు క్విందె గూళ్లు వెతికి చూపించేవాడు. లోకం హమ్మింగ్‌బర్డ్ అనే పిట్టే మాకు క్విందె. బొటనవేలంత ఉంటుంది, రెక్కల రొద వినబడుతుంది గానీ రెక్కలు కనబడవు.

గూడు కావాలంటే అతను చెట్లకేసి చూసేవాడు కాదు, సాలెగూడు ముందు కూర్చునేవాడు. ముక్కుకు సాలీడు దారం తగిలించుకుని ఏ పిట్ట పోతే దాని వెంట పోయేవాడు.

“ఏమయ్యా, బూజు దులపకుండా దానికి కాపలా కాస్తున్నావా? నీ పెళ్లాం చూసిందంటే చీపురు నీ వీపున విరుగుతుంది” అనేదాన్ని.

“గట్టిగా మాట్లాడకు వదినా! ఇల్లు కట్టుకోవడానికి సామాను కోసం వస్తుందిప్పుడు” అనేవాడు.

గూటికి ఆకు అడ్డమొస్తే కోయకూడదు, ఆ చాటు పోతే పిల్లల్ని తినే పెద్ద పిట్టల కంట పడుతుంది. అరటి నారతో పక్కకు కట్టి, ఫొటో తీసుకుని, వెంటనే విప్పేయాలి. గూళ్లు చూపించే వాళ్లందరికీ అదే కట్టుబాటు. సెగుందో అయితే విప్పేదాకా అతిథిని అడుగు కదలనిచ్చేవాడు కాదు.

అతని భార్య మెల్బా ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. ఓ అతిథి వదిలిపోయిన పాత కెమెరాతో గూళ్ల ఫొటోలు తీసుకొచ్చి ఆమెకు చూపించేవాడు.

“బొమ్మలు చాల్లే ముసలోడా. పిల్లలు గూట్లోంచి ఎగిరిపోవడం ఒక్కసారైనా నా కళ్లతో చూడాలి” అందామె.

ఆ ఏడే ఆమె కిటికీ బయట కాఫీ చెట్టు మీద క్విందె గూడు పెట్టింది. పైన అరటాకు వేలాడుతూ గూటిని కప్పేసేది. చిక్కుడు గింజలంత గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక, ఫొటో కోసం సెగుందో ఆకును పక్కకు కట్టాడు. మంచం మీది నుంచి గూడు కనిపించింది.

“విప్పకు” అంది మెల్బా.

“పిల్లలకి ఎండ తగులుతుందే.”

“కాస్త నాకూ తగలనీ.”

అతను చాలాసేపు నార ముడి పట్టుకుని నిలబడ్డాడు. విప్పలేదు. ఎండకు మాత్రం పైన ఓ పాత గొడుగు కట్టాడు.

పిల్లలకు ఈకలు వస్తుండగా, ఒక పొద్దున బంగాళాదుంపల సూపు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మెల్బా నోరు తెరిచి ఉంది, గొంతు పెగలడం లేదు, చేత్తో మంచం పట్టెను కొడుతోంది. కిటికీ బయట టూకన్, ఆ పెద్ద ముక్కు పిట్ట, తల వెనక్కి వంచి రెండో పిల్లను మింగుతోంది. గిన్నె అక్కడ పడేసి అరిచాను. టూకన్ ఎగిరిపోయింది. తల్లి పిట్ట మేత పట్టుకొచ్చి, ఒరిగిపోయిన గూటి ముందు గాల్లో ఆగిపోయింది.

వాకిట్లో సెగుందో అడుగుల చప్పుడైంది. మెల్బా గబుక్కున గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది.

అతను కిటికీ బయటే ఆగాడు. గూటిని చూశాడు, కట్టిన ఆకును చూశాడు. కత్తి తీసి నార తెంపాడు. ఆకు జారి అంతా కప్పేసింది. తర్వాత లోపలికొచ్చి ఆమె భుజం తట్టాడు.

“నిద్రపోయావేంటే? తెల్లారగానే ఎగిరిపోయాయి! ఇదిగో, ఫొటో తీశాను.”

కెమెరాలో ఉన్నది అంతకుముందటి ఏడాది ఫొటో. జామకొమ్మ మీద రెండు పిల్లలు. మెల్బా దాన్ని చాలాసేపు చూసింది.

“రెండూ ఎగిరాయా?”

“రెండూ.”

“ముందేది ఎగిరింది?”

“చిన్నది.”

“మొండిఘటం అయ్యుంటుంది, నాలాగ” అని అతని చేతిమీద చెయ్యి వేసింది.

నీళ్లు కాచడానికి అతను వంటింట్లోకి వెళ్లగానే నా కొంగు పట్టుకుని లాగింది. “నేను చూశానని ఆయనకి చెప్పకక్కా.”

ఆ వానలు తగ్గకముందే మెల్బా పోయింది. సెగుందో మళ్లీ ఎవరికీ గూడు చూపించలేదు. అతిథులు గుమ్మంలోకొస్తే లోపలి నుంచే చెయ్యి ఊపి పంపేసేవాడు. మరుసటి ఏడు అదే కాఫీ చెట్టు మీద మళ్లీ క్విందె గూడు కట్టింది. అటువైపు వీపు పెట్టుకుని కూర్చునేవాడు.

నేనెప్పుడు వెళ్లినా ఒకటే ప్రశ్న. “ఆ పొద్దున మెల్బా నిజంగా నిద్రపోతూనే ఉందా వదినా?”

“గురక పెట్టి మరీ నిద్రపోయిందయ్యా” అనేదాన్ని.

తలూపేవాడు. కాసేపాగి మళ్లీ అడిగేవాడు.