బస్సులో చెప్పిన పాఠం

ఆదోనిలో డ్యూటీ దిగి ఎమ్మిగనూరు బస్సెక్కాను. చాలా ఏళ్లు నర్సుగా చేశాక అక్కడి కాలేజీలో నర్సింగ్ డిగ్రీలో చేరాను. ఆ రోజు క్లాసులో నిలబడి ఇంగ్లీషులో పాఠం చెప్పాలి. భయంతో పాఠాన్ని మళ్లీ మళ్లీ గొణుక్కుంటున్నాను.

"ఏం పాపా, అట్ల గొణుక్కుంటాండావు?" అని పక్క సీటులోని పెద్దామె అడిగింది. సంగతి చెప్పాను.

"అయితే ముందు నాకు సెప్పు."

కాన్పు తర్వాత రక్తం పోవడం గురించి తెలుగులోనే మొదలుపెట్టాను. పెట్టిన గుడ్డ వెంటవెంటనే తడిసిపోతున్నా, బాలింతకు కళ్లు తిరుగుతున్నా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా కూతుర్ని నిన్ననే ఆసుపత్రి నుంచి తెచ్చినాం. పొద్దున కండ్లు తిరుగుతాండాయనింది. నీరసంలే, పండుకో అని సెప్పి వచ్చినాను పాపా!"

ఆమె వేళ్లు ఫోను నొక్కలేకపోయాయి. నేనే నొక్కి, వెంటనే 108ని పిలవమని ఆమె అల్లుడికి చెప్పాను. తర్వాతి స్టాపులో ఆమె దిగి, వెనక్కి పోయే ఆటో కోసం పరుగెత్తింది.

ఆ కూతురు ఏమైందో నాకు తెలియదు. క్లాసులో ఏం చెప్పానో కూడా గుర్తులేదు. ఇప్పుడు బాలింతను ఇంటికి పంపేటప్పుడు, తోడొచ్చినామెను కూర్చోబెట్టి ఆ గుర్తులు చెప్తాను. తిరిగి నాకు ఒప్పజెప్పేదాకా కదలనివ్వను.