రూతమ్మ పిన్ని, పదకొండో అంశం

నిన్న పొద్దున పాలు కాస్తుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ ప్రభాకరూ, రూతమ్మ పిన్ని పోయిందిరా."

స్టవ్ ఆపడం కూడా మర్చిపోయాను. పాలన్నీ పొంగి గట్టు మీద పోయాయి.

మా అమ్మకి స్వయానా చెల్లెలు. ఊరందరికీ రూతమ్మ టీచర్.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూపులో అందరూ "శాంతమూర్తి" అని పోస్టులు పెడుతున్నారు. చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. శాంతమూర్తి ఏంటి నా మొహం! మున్సిపల్ కౌన్సిల్‌ని గడగడలాడించిన మనిషి ఆవిడ.

ఎనభైల నాటి సంగతి. మా ఊళ్ళో కౌన్సిల్ మీటింగ్ అంటే సగం తిట్లు, సగం తన్నులాట. మైకులు పీకేవాళ్ళు. ఫైళ్ళు చించేవాళ్ళు. చొక్కా చిరగకుండా ముగిసిన మీటింగ్ నాకు గుర్తులేదు.

జనం కోసం హాల్లో వెనక ఒక బెంచీ ఉండేది. దాని మీద నెలనెలా వచ్చి కూర్చునేది పిన్ని ఒక్కతే.

ముందు రోజే ఆఫీసు నోటీసు బోర్డు ముందు నిలబడి అజెండా మొత్తం నెలకో నోటు పుస్తకంలో ఎత్తి రాసుకునేది. ఎందుకంటే మీటింగ్‌లో గుమాస్తా నంబరు మాత్రమే చదివేవాడు. "ఏడో అంశం" అనగానే మెంబర్లు బల్లలు చరిచేవాళ్ళు. పాస్! దేనికి చరిచారో సగం మందికి తెలియదు. పిన్నికి తెలుసు. హాల్లో జరిగిందంతా అదే పుస్తకంలో రాసుకునేది.

మర్నాడు పొద్దున వీధి కుళాయి దగ్గర, గోడకి తగిలించిన పాత నల్లబోర్డు మీద అంతా రాసేది. ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు ఎవరి కాలర్ పట్టుకున్నారు, అన్నీ పేర్లతో సహా. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళలో చదువు రానివాళ్ళకి తనే చదివి వినిపించేది.

పేర్ల దగ్గర మాత్రం ఎవరినీ వదిలేది కాదు. ఒకసారి పేపర్ విలేకరి "కొందరు సభ్యులు కొట్టుకున్నారు" అని రాస్తే నడిరోడ్డు మీద నిలదీసింది.

"కొందరేంటయ్యా కొందరు? వాళ్ళకి అమ్మానాన్న పేర్లు పెట్టలేదా?"

ఇప్పుడు నా సంగతి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండు. డిగ్రీ ఫెయిలై, మిర్చి వ్యాపారం చేసే ఒక కౌన్సిలర్ వెనక తిరుగుతున్నాను. మున్సిపాలిటీలో పంపు ఆపరేటర్ ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. ఆ నెల మీటింగ్ ముందు పక్కకి పిలిచాడు.

"మీ పిన్ని ఇవాళ నోరు తెరిస్తే మూయించాల్సింది నువ్వే. ఆర్డర్ మర్నాడే నీ చేతిలో పెడతా."

"అలాగేనండి" అన్నాను.

పదకొండో అంశం వచ్చింది. అజెండాలో ఉన్నది ఒక సర్వే నంబరు, "నిరుపయోగ స్థలం, మిర్చి గోడౌన్‌కి లీజు" అని ఒక్క ముక్క. బల్లలు చరచడానికి చేతులు లేచాయి.

బెంచీ మీద వాళ్ళు మాట్లాడకూడదని రూలు. ఏనాడూ ఆ రూలు తప్పని పిన్ని లేచి అరిచింది.

"చైర్మన్ గారూ! ఆ సర్వే నంబర్లో మా నాన్న ఉన్నాడండీ!"

అది మన సమాధుల దొడ్డి. తాతయ్యని పెట్టింది అక్కడే.

అంతే, హాలు భగ్గుమంది. అవతలి పార్టీ వాళ్ళు బల్లలెక్కారు. మైకు స్టాండుతో ఒకడి దవడ పగలగొట్టారు. ఇంకు సీసాలు ఎగిరాయి. ఎవడో గుప్పెడు కారం తీసి కళ్ళల్లో కొట్టాడు. మిర్చి పండే ఊళ్ళో కారానికి కరువా! ఆ గోలలోనే పదకొండో అంశం పాస్ అయిందని చైర్మన్ ప్రకటించేశాడు.

కౌన్సిలర్ తలుపు దగ్గరున్న నా వైపు చూసి, కళ్ళతోనే బెంచీ చూపించాడు.

ఇనప కుర్చీ ఎత్తి విసిరాను. తగిలింది పొరపాటున కాదు. గురి చూసి విసిరాను.

పిన్ని నుదురు చీలింది. రక్తం కంట్లోకి, చేతిలో పుస్తకం మీదికి కారుతోంది. అయినా పడిపోలేదు. నన్నే చూస్తూ అడిగింది.

"ఏరా ప్రభా, నువ్వా?"

ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పారిపోయాను.

తొమ్మిది కుట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున తలకి కట్టుతోనే వచ్చి బోర్డు రాసింది.

నాలుగు రోజులకి దొడ్డి చదును చెయ్యడానికి ట్రాక్టర్ వచ్చింది. కుళాయి దగ్గర ఆ బోర్డు చదివిన ఆడవాళ్ళందరూ పత్తి కట్టెలు, కారం పొట్లాలు పట్టుకుని అడ్డంపడ్డారు. డ్రైవర్ కళ్ళు మూసుకుని కేకలు పెడుతూ కాలవలో దూకాడు. టైర్లు కత్తిపీటలతో కోసేశారు. పై నెల మీటింగ్‌లో పదకొండో అంశం రద్దు.

నాకు ఉద్యోగం రాలేదు. పిన్ని ఇంట్లో అన్నం మాత్రం ఆగలేదు. ఆ ఆదివారమే కబురు పెట్టింది, చేపల పులుసు చేశాను రమ్మని.

పక్కన కూర్చుని మా అమ్మ ఒకటే ఏడుపు. "ఎవడే వాడు? పేరు చెప్పవే, వాడి చెయ్యి నరికిస్తాను!"

పిన్ని నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

అప్పుడైనా నోరు విప్పలేదు నేను. పిరికి సన్నాసిని.

ఇవాళ పొద్దున పిన్నికి కట్టే చీర కోసం అక్క పెట్టె తెరిస్తే ఆ పుస్తకాలన్నీ బయటపడ్డాయి. ఆ నెలది వెతికాను. అట్ట మీద రక్తం మరక ఇంకా ఉంది.

లోపల ఆ రోజు ఎవరు ఎవరిని కొట్టారో వరసగా రాసి ఉంది. మైకు స్టాండు ఎత్తినవాడి పేరు ఉంది. కారం కొట్టినవాడి పేరు, ఇంటి పేరుతో సహా ఉంది.

చివర ఒక లైను.

"నా మీద కుర్చీ విసిరినది: ఎవరో. మొహం కనపడలేదు."

జన్మలో ఒకే ఒక్క అబద్ధం రాసింది మా పిన్ని. అది నా కోసం రాసింది.

పెన్ను తీసుకుని "ఎవరో" కొట్టేసి, పైన నా పేరు రాశాను. ఇంటి పేరుతో సహా. అక్క చూసింది. చీర మడత విప్పుతూ ఏడ్చింది.

సాయంత్రం నాలుగింటికి సమాధుల దొడ్డిలో, తూర్పు వైపున, తాతయ్య పక్కనే. అందరూ రండి. మొదటి పిడికెడు మట్టి నేనే వేస్తాను, మీరు వెయ్యనిస్తే.

వెళ్ళిరా పిన్నీ. కుర్చీలు ఎగరని చోట, నీ నాన్న పక్కన, హాయిగా నిద్రపో.