మా అత్త గ్రైండరు మీద పడ్డ నింద

కంప్యూటరున్న గదిలోకి జనం చెప్పులు బయట విడిచి వచ్చే కాలమది. ఎనభైల చివర్లో తమిళనాడు ధర్మపురిలో మా మొదలాళి (యజమానిని అలాగే పిలిచేవాళ్లం) రెండు కంప్యూటర్లు కొని, ఒకదాని నుంచి ఇంకొకదానికి పట్టుగూళ్ల ధరలు పంపే ప్రోగ్రాము రాయడానికి నన్ను పెట్టుకున్నారు. ముందు గది నుంచి వెనక గదికి గోడ వెంబడి తీగ లాగాం. ధరలు సరిగ్గా చేరాయో లేదో చూసి, తనంతట తానే 'పాస్' అనో 'ఫెయిల్' అనో కాగితం మీద అచ్చువేసే పరీక్ష ప్రోగ్రాము కూడా రాశాను. నేనేమీ మార్చకుండానే అది ఒకసారి పాస్ అనేది, ఇంకోసారి ఫెయిల్ అనేది. నా వైద్యం ఒకటే: టీ తాగొచ్చి మళ్ళీ నడపడం. పాస్ కాగితం మొదలాళికి, ఫెయిల్ కాగితం చెత్తబుట్టకి. (దీన్ని అప్పట్లో అనుభవం అనుకునేవాణ్ణి.)

ఒక ఉదయం ఆయన పక్కనే ఉండగా ఫెయిల్ వచ్చింది. "ఏమప్పా ఇది? నిన్న బాగుండె గదా?" అన్నారు. నాకు వెంటనే ఒక ముద్దాయి కావలసి వచ్చింది. గోడ అవతలి వాటాలో మా మేనత్త గ్రైండరు గరగరమంటోంది. టీ కొట్లకు ఇడ్లీ మావు (పిండిని మా ఊళ్లో అలాగే అంటారు) రుబ్బి పంపడమే ఆమె బతుకుతెరువు. "ఆ గ్రైండరే సార్. అది తిరిగితే తీగలో అక్షరాలు పోతాయి" అన్నాను. ఆపించి చూస్తే పాస్. మళ్ళీ తిప్పించి చూస్తే ఫెయిల్. నేను చెప్పింది నిజం కావడమే నా దురదృష్టం.

ఇల్లు మొదలాళిదే. గ్రైండరు అక్కడ తిరగరాదన్నారు. అత్త నన్ను పట్టుకుంది.

"ఏమిరా, నేను రుబ్బేది నా రాతిలో. నీ డబ్బాకేమి నొప్పి?"

"అది పెద్ద విషయం అత్తా, నీకు అర్థం కాదు."

"కాదులే. ఇడ్లీ తినేటప్పుడు మాత్రం నీకు అన్నీ బాగా అర్థమైతాయి."

గోడ అవతల చప్పుడు ఆగింది. ఇవతల అన్నీ పాస్. ధైర్యం చేసి ఒక కంప్యూటరును దగ్గర్లోని కారిమంగళం ఊళ్లో పెట్టి ఫోను లైను మీద కలిపాం. ధరలు సగంలోనే ఆగిపోయాయి. "అక్కడా ఎవరో గ్రైండరు వేసినట్టున్నారు సార్" అన్నాను. పాపం, ఆయన ఆ వీధంతా తిరిగొచ్చారు. "ఏ ఇంట్లోనూ లేదప్పా. అందరూ చేత్తోనే రుబ్బుతారంట."

అప్పుడుగానీ ఒప్పుకోలేదు నేను. దారిలో అక్షరాలు పోవడం సహజం. పోతే మళ్ళీ పంపమని అడగాలి. నా ప్రోగ్రాము అడగకుండా అలిగి కూర్చునేది. చెత్తబుట్టలోని కాగితాలు మొదటినుంచీ చెబుతున్నది అదే. సరిచేశాను. ఇక గట్టిగా పరీక్షించాలంటే తీగ పక్కన అల్లరి చేసేది ఒకటి ఉండాలి. సిగ్గు చంపుకుని అత్త దగ్గరికి వెళ్లాను.

"అత్తా, గ్రైండరు ఒక్కసారి వేస్తావా?"

"అమ్మేసినాను గదరా. నీ డబ్బా చచ్చిపోతుందంటివే!"

టీ కొట్లవాళ్లు అప్పటికే ఇంకొకరి దగ్గర మావు కొంటున్నారు. కంప్యూటరును చెడగొట్టిన గ్రైండరని బంధువులు ఇప్పటికీ నవ్వుకుంటారు. చెడింది నా ప్రోగ్రాము. కనిపెట్టింది ఆ గ్రైండరు. ఇప్పుడు మా ఆఫీసులో అక్షరాలను కావాలనే పోగొట్టి ప్రోగ్రాములను పరీక్షించే యంత్రం ఒకటుంది. కుర్రవాళ్లు దాని గొప్పలు చెబుతుంటే తలూపుతూ వింటాను. మా అత్తది అంతకంటే మంచిది. ఇడ్లీకి మావు కూడా ఇచ్చేది.